అచ్చయిన పేపర్లో కాపీ పేరాలు కనిపిస్తే ఊరుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది: నాలుగు నెలల కిందట మీ పరిశోధన పేపర్ జర్నల్లో వచ్చింది. మొదటి పేరు మీది. ఉపోద్ఘాతం రాసిన జూనియర్ వేరే పేపర్లోంచి రెండు పేరాలు ఎత్తి పెట్టాడని ఇప్పుడు తెలిసింది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ, అంటే వేరే రచనలతో పోలిక, 9 శాతమే వచ్చింది, ఎవరూ గమనించలేదు. జర్నల్‌కు చెబితే పేపర్‌తో పాటు పీహెచ్‌డీ కూడా పోతుందేమోనని మీ భయం.

ఊరుకోకండి. నేను ఊరుకుని చూశాను.

2016లో బెంగళూరులో పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. మత్తికెరెలో ముగ్గురు తెలుగువాళ్లం ఒకే గదిలో ఉండేవాళ్లం. నాతో కలిసి రివ్యూ పేపర్ రాసిన సీనియర్ కూడా అక్కడే. పేపర్ వచ్చిన నెలకు, వేరే పని మీద ఒక పాత వ్యాసం చదువుతుంటే అందులో మా పేరాలు కనిపించాయి. వాక్యాల వరుస కూడా మారలేదు. ఆ రాత్రి అడిగితే, "నోట్స్‌లో ఉన్నవి నావే అనుకున్నాను రా" అన్నాడు. ఆ అన్న అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. చదివింది చదివినట్టే నోట్స్‌లోకి ఎక్కించుకోవడం మా ల్యాబ్‌లో చాలామందికి అలవాటు. కానీ గైడ్‌కు చెప్పే ధైర్యం ఇద్దరికీ చాలలేదు.

రెండు నెలల తర్వాత ఆ వ్యాసం రాసినాయనే జర్నల్‌కు ఫిర్యాదు చేశారు. ఎడిటర్ రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి, కలిసిన చోటల్లా పసుపు రంగు వేసి, మా అందరికీ మెయిల్ పంపి వివరణ అడిగారు. అది చూసి గైడ్ అడిగిన మొదటి మాట, "మీకు ముందే తెలుసా?" తెలుసు సార్ అని చెప్పిన ఆ నిమిషం ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత వెతికితే ఒక పట్టిక కూడా ఆధారం చెప్పకుండా వాడినట్టు తేలింది. పేపర్‌ను రిట్రాక్ట్ చేశారు, అంటే జర్నల్ వెనక్కి తీసుకుంది.

ఇక 9 శాతం సంగతి. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, నిజమే. 10 నుంచి 40 దాకా ఉంటే థీసిస్ సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మనవాళ్లు ఈ అంకెలు పట్టుకుని పది లోపుంటే సేఫ్ అనుకుంటారు. జర్నల్ ఎడిటర్ అలా చూడరు. పద్ధతుల విభాగంలో మామూలుగా వచ్చే మాటలు 20 శాతం కలిసినా పట్టించుకోకపోవచ్చు, ఒకే పేరా మొత్తం ఇంకొకరిదైతే 5 శాతమైనా అడుగుతారు.

చాలా జర్నళ్లు ప్రచురణ నైతికత చూసే కోప్ (COPE) అనే సంస్థ మార్గదర్శకాలు పాటిస్తాయి. కాపీ చిన్నదైతే, ఫలితాలు మీవే అయితే, సవరణ ప్రకటనతో పోవచ్చు. పెద్ద భాగాలో, డేటానో ఎత్తి ఉంటే రిట్రాక్షనే. రచయితలు జవాబివ్వకపోతే ఎడిటర్ నేరుగా మీ సంస్థకు రాస్తారు. రిట్రాక్ట్ అయిన పేపర్ మాయం కాదు. ఆ ముద్రతో అక్కడే ఉంటుంది. ఎవరు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో నోటీసులో రాస్తారు. మీరే ముందుకొచ్చి చెప్పారని అందులో ఉండడానికీ, ఫిర్యాదు మీద దొరికారని ఉండడానికీ చాలా తేడా. మా నోటీసు రెండో రకం. నా పీహెచ్‌డీ పోలేదు, కానీ ఆ పేపర్ మీద ఆధారపడ్డ థీసిస్ అధ్యాయం మళ్లీ రాసేసరికి ఎనిమిది నెలలు ఆలస్యమైంది. తర్వాత రెండు ఇంటర్వ్యూల్లో ఆ నోటీసు గురించే అడిగారు.

అందుకని ఈ వారమే గైడ్‌తో మాట్లాడండి. పేపర్లోని మిగతా భాగాలూ బొమ్మలతో సహా ఒకసారి వెతకండి, ఇంకోటి తర్వాత బయటపడితే నమ్మకం పోతుంది. రచయితలందరికీ చెప్పి, ఏ పేరా ఎక్కడిదో పట్టికగా చూపిస్తూ కరెస్పాండింగ్ ఆథర్ (రచయితల తరఫున జర్నల్‌తో మాట్లాడే వ్యక్తి) చేత ఎడిటర్‌కు రాయించండి. సవరణా, రిట్రాక్షనా అన్నది వాళ్లు తేలుస్తారు. తప్పు మొత్తం జూనియర్ మీదకు నెట్టే ఉత్తరం మాత్రం వద్దు. పేరు పెట్టుకున్న ప్రతి ఒక్కరిదీ ఆ పేపర్ బాధ్యత. ఆ అబ్బాయి ఈపాటికి ఎంత టెన్షన్ పడుతున్నాడో నేను ఊహించగలను. గైడ్ గదిలోకి అతన్ని ఒంటరిగా పంపకండి, ఇద్దరూ కలిసే వెళ్లండి.