పాప మొదటి బడి కోసం అత్యవసర నిధిని ఖాళీ చేయకండి

ప్రశ్న: మేము కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా వారికి పాతబస్తీలో ఫ్యాన్సీ దుకాణం ఉంది. నెలకు సగటున 28,000 రూపాయలు మిగులుతాయి. నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ను, జీతం 19,000. అద్దె, ఇంటి ఖర్చులు, బండి వాయిదా కలిపి 36,000 అవుతాయి, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. పగలు మా అత్తగారు చూసుకుంటారు. కొత్తవాళ్లను చూస్తే ఏడుస్తుంది, మమ్మల్ని వదిలి ఉండదు. అందుకే పిల్లలను బలవంతపెట్టని ప్లే స్కూల్ కోసం వెతికితే ఒకటి నచ్చింది. ఏడాదికి 72,000. మూడు విడతలుగా కట్టవచ్చు. ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తారు కానీ తిరిగి ఇవ్వరు. లేదంటే ఒక ఫైనాన్స్ కంపెనీ ద్వారా వడ్డీ లేకుండా నెలకు 6,000 చొప్పున 12 వాయిదాలు. మొదటిది ఇప్పుడే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు 1,500. బ్యాంకు డబ్బు తీసి కట్టాలా, వాయిదాలు మేలా, లక్ష రూపాయల చీటీ పాడుకోవాలా? ఫీజుపై పన్ను మినహాయింపు వస్తుందా? ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన సుకన్య పొదుపు ఖాతా కూడా తెరవాలనుకుంటున్నాము.

జవాబు: మీరు చెప్పిన మూడు దారులలో ఏదీ వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకొని విడిగా జవాబు రాయడానికి కారణముంది. ఏటా వేసవిలో నా దగ్గరకు వచ్చే చిన్న పిల్లల తల్లిదండ్రులలో చాలామంది ఈ పొరపాటు చేసిన తరువాతే వస్తారు. బిడ్డ ఆ బడికి అలవాటు పడుతుందో లేదో తెలియకముందే ఏడాది ఫీజు కట్టేస్తారు. అందుకోసం ఆపదకు దాచుకున్న డబ్బును తీసేస్తారు, లేకపోతే అప్పు చేస్తారు.

మీ 1,10,000 రూపాయలను మీరు "బ్యాంకులో ఉన్నవి" అని రాశారు. నేను దానిని అత్యవసర నిధి అంటాను, అదీ సగం మాత్రమే నిండిన నిధి అంటాను. ఆపదకు ఆరు నెలల ఖర్చు దాచుకోవాలన్నది నా లెక్క. నెలకు 36,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలలకు 2,16,000 కావాలి. మీ దగ్గరున్న దానిలో నుంచి పది శాతం రాయితీ పోను 64,800 తీసి ఫీజు కడితే మిగిలే 45,200 మీ ఇంటికి నలభై రోజులకు కూడా చాలవు. ఇద్దరికీ నెలనెలా స్థిరమైన జీతం వచ్చే కుటుంబమైతే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదేమో. మీ ఇంటి ఆదాయంలో సగానికి పైగా ఒక దుకాణం మీద ఆధారపడి ఉంది, ఆ దుకాణం పాతబస్తీలో ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు సరుకు మొత్తం బురదపాలైన వ్యాపారులను ఈ ఊరి వాళ్లకు కొత్తగా పరిచయం చేయవలసిన పనిలేదు. చేతిలో నాలుగు నెలల ఖర్చు ఉన్నవాడు దుకాణం కడుక్కొని మళ్లీ తలుపు తీశాడు. లేనివాడు వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ కడుతూ ఏళ్లు గడిపాడు. వరదే రానక్కరలేదు, మీ వారు నెలన్నర మంచాన పడినా ఆ గల్లా పెట్టె మూతబడుతుంది.

ఇక పది శాతం రాయితీ సంగతి. దానివల్ల మీకు మిగిలేది 7,200. కొత్తవాళ్లను చూస్తేనే ఏడ్చే పాప మొదటి విడత ముగిసేసరికి కూడా కుదురుకోక మీరు మాన్పించవలసి వచ్చిందనుకోండి. విడతగా కట్టి ఉంటే మీకు పోయేది 24,000 మాత్రమే, ఒకేసారి కట్టి ఉంటే 64,800. అంటే 7,200 మిగులు కోసం మీరు 40,800 పణంగా పెడుతున్నారు. మీ పాప స్వభావం గురించి మీరే రాసినది చదివిన తరువాత ఈ బేరానికి ఒప్పుకోమని నేను ఎలా చెప్పగలను?

"వడ్డీ లేని" వాయిదాల గురించి రాయవలసి వచ్చినప్పుడల్లా నాకు సహనం తగ్గుతుంది. సున్నా శాతం వడ్డీ అన్నదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు పంపిన సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. మీ లెక్కే చూడండి. రొక్కంగా 64,800తో తీరిపోయే ఫీజుకు ఈ దారిలో 72,000 కడతారు, దానికి తోడు 1,500. మొదటి వాయిదా, ప్రాసెసింగ్ ఫీజు కలిపి 7,500 ముందే తీసుకుంటున్నారు కనుక, ఆ 64,800లో అది పోను మీకు నిజంగా అందే అప్పు 57,300. పదకొండు నెలల్లో తీర్చేది 66,000. ఇది ఏడాదికి సుమారు 29 శాతం, మన వాడుకలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల నలభై పైసల వడ్డీ. ఇదే వడ్డీకి ఇస్తానని పక్క వీధి వ్యాపారి వస్తే మీరు గుమ్మంలోంచే పంపించేస్తారు. పైగా బడికి డబ్బు మొత్తం మొదటి రోజే చేరిపోతుంది, అప్పు మాత్రం మీ పేరున ఉంటుంది. పాప మానేసినా వాయిదా ఆగదు. ఆపితే మీ సిబిల్ స్కోరు, అంటే అప్పులు తీర్చే తీరును బట్టి మీకు వేసే మార్కు, దెబ్బతింటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక జంట తమ బాబు ఆగస్టులో మానేసిన బడికి ఆ తరువాతి మే నెల వరకు వాయిదాలు కట్టారు. చదువు చెప్పని బడికి అప్పు తీర్చడం కన్నా బాధాకరమైన ఖర్చు నేను చూడలేదు.

బలవంతపెట్టని బడి కావాలన్న మీ కోరిక నూటికి నూరుపాళ్లు సరైనది. అయితే ఆ మెత్తదనం ఫీజు పట్టికలో కనిపించదు, ఉదయం తొమ్మిదింటికి పిల్లలను దింపే సమయంలో గేటు దగ్గర నిలబడి చూస్తే కనిపిస్తుంది. ఏడుస్తున్న బిడ్డను ఆయా ఎత్తుకొని సముదాయిస్తోందా, తల్లి చేతిలోంచి లాక్కొని తలుపు వేస్తోందా? మొదటి వారం తల్లిని లోపల కూర్చోనిస్తారా? తొలి రోజుల్లో గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారా? పాపతో ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడేవారు ఉన్నారా? ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి, మూడేళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదు. జాతీయ విద్యావిధానం 2020 ఒకటో తరగతిని ఆరేళ్లకు పెట్టి, దానికి ముందు మూడేళ్లు ఆటపాటలకు వదిలింది. మీ పాపకు మూడేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది, ఇంట్లో నాయనమ్మ ఉంది. తొందరపడవలసిన అవసరం మీకు లేదు, బడి వాళ్లకు ఉండవచ్చు.

ఈ మెత్తదనానికి డబ్బు నిజంగా ఎక్కడ ఖర్చవుతుందో చెబుతాను. పాప అలవాటు పడేవరకు మీరు కనీసం పది రోజులు సెలవు పెట్టవలసి వస్తుంది. నెలకు 26 పనిదినాల లెక్కన జీతం కోసుకుంటే సుమారు 7,300 పోతుంది. అది దాదాపు ఆ రాయితీకి సమానం, పాపకు మాత్రం దానికంటే ఎంతో విలువైనది. ఆ తరువాత మొదటి ఏడాది జలుబులు, జ్వరాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి, పది మంది పిల్లల మధ్యకు కొత్తగా వెళ్లిన ప్రతి బిడ్డకూ ఇది మామూలే. డాక్టరు ఫీజు, మందులు, మీ సెలవులు, ఆటో, వార్షికోత్సవం దుస్తులు, ఇవేవీ ఆ 72,000లో లేవు. ఇవన్నీ వచ్చే ఏడాదిలోనే నిధిని ఖాళీ చేసుకోవాలని మీరు ఆలోచిస్తున్నారు.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వద్దాము. అన్నీ పోను మీకు నెలకు 6,000 మిగులుతుంది. ఏడాదికి 72,000, అంటే ఆ బడి ఫీజు మీ మిగులును చివరి రూపాయి వరకు తినేస్తుంది. అందుకే నెలకు 3,000 మించని బడిని, నెలనెలా లేదా విడతలుగా ఫీజు తీసుకునే బడిని వెతకండి. అనుభవమున్న టీచర్లు ఇంటి కింది భాగంలో ఇరవై మందితో నడిపే చిన్న బడులు మన కాలనీలలో ఉన్నాయి. పైన చెప్పిన ప్రశ్నలకు వాళ్ల దగ్గర మంచి జవాబులే దొరకవచ్చు. మీ వీధి అంగన్‌వాడీని కూడా ఒకసారి వెళ్లి చూడండి. మూడేళ్లు నిండిన పాపకు అక్కడ ఫీజు లేదు, భోజనం ఉంది, మంచి కార్యకర్త ఉంటే అదే సరిపోతుంది.

చీటీని పాడవద్దు. ఇంకా ఎనిమిది నెలలే ఉందనుకుంటే చివరి వరకు ఆగండి. కమీషన్ ఐదు శాతం అనుకుంటే, అది పోను 95,000 చేతికి వస్తుంది. మిగిలిన 3,000ను ఎనిమిది నెలలు పక్కన పెడితే 24,000. ఇప్పుడున్న 1,10,000తో కలిపితే 2,29,000 అవుతుంది, ఆరు నెలల నిధి నిండిపోతుంది. అది నిండిన నాడు పాపను మరింత మంచి బడికి మార్చాలనిపిస్తే, నెలనెలా చీటీకి కట్టే 5,000 కూడా అప్పటికి ఖాళీ అవుతుంది కనుక, ఏ అప్పూ లేకుండా మార్చవచ్చు.

పన్ను మినహాయింపు ఊసు మీకు అవసరం లేదు, మీ ఇద్దరి ఆదాయాలపై పన్నే పడదు. సుకన్య ఖాతాకు పాపకు పదేళ్లు వచ్చే వరకు గడువుంది, నిధి నిండిన తరువాత తెరవండి. మీ వారి పేరున టర్మ్ పాలసీ (గడువులోగా ప్రాణం పోతేనే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా), ముగ్గురికీ ఆరోగ్య బీమా, దుకాణం సరుకుకు వరదను కూడా కలిపిన బీమా ఉన్నాయో లేవో మీరు రాయలేదు. లేకపోతే సుకన్య కన్నా ముందు అవి తీసుకోవాలి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఆ బడిలో సీటు కోసం అడ్వాన్సు ఇప్పటికే కట్టి ఉంటే, తిరిగి ఇవ్వమని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఫైనాన్స్ కంపెనీ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టవద్దు. ఒకవేళ పెట్టి ఉంటే, రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం డిజిటల్ రుణాన్ని మొదట్లోనే వెనక్కి ఇచ్చి వదులుకునే గడువు కనీసం ఒక రోజు ఉంటుంది. ఒప్పందంలో అది ఎన్ని రోజులో చూసి, దాటకముందే రద్దు చేసుకోండి.