పెళ్లి మాట పక్కన పెట్టండి, ముందు అమ్మాయి చెప్పేది వినండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా పెద్దమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. కాలేజీలో ఒక అబ్బాయితో స్నేహమని ఈమధ్యే తెలిసింది. గంటకోసారి ‘ఎక్కడున్నావ్, పక్కన ఎవరు’ అని మెసేజ్ పెడతాడు. మొన్న చుట్టాల పిల్లలతో ఆర్కే బీచ్‌కి వెళ్తే వీడియో కాల్ చేసి, ఫోన్ చుట్టూ తిప్పి చూపించమన్నాడట. పోయిన వారం మణికట్టు కమిలి ఉంటే బస్సులో తగిలిందంది. వాడే మెలిపెట్టాడని చెల్లికి చెప్పుకుందట. వదిలేస్తానంటే ఫొటోలు అందరికీ పంపుతానంటున్నాడట. పిల్ల సరిగా తినదు, నిద్రపోదు. మావారు కాలేజీ మాన్పించి మేనబావకిచ్చి చేసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కనీసం చెల్లితోనైనా చెప్పుకుంది. ఆ ఒక్క దారీ మూసుకుపోకూడదు. ఆ అబ్బాయి బెదిరింపు ఇంతలా పనిచేస్తోందంటే ‘ఇంట్లో తెలిస్తే నా పని అయిపోయినట్టే’ అని మీ అమ్మాయి వణికిపోవడం వల్లే. ఇప్పుడు ఫోన్ లాక్కుని, కాలేజీ మాన్పిస్తే ఆ భయం నిజమేనని మనమే చూపించినవాళ్లమవుతాం. రేపు ఇంకేదైనా జరిగితే చెల్లికి కూడా చెప్పదు. పెళ్లి ఆలోచన పూర్తిగా మానుకోమని మీవారికి చెప్పండి. 18 నిండని అమ్మాయికి పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. అదీగాక, దెబ్బ తిన్నది మీ పిల్ల. శిక్ష కూడా ఆమెకేనా?

నా ఓపీకి వచ్చే ఈ వయసు అమ్మాయిలు ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి కూర్చుంటారు. అది ఒక్కసారి గుర్రుమంటే చాలు, చెబుతున్న మాట ఆగిపోతుంది, కళ్లు అటే పోతాయి. ‘నేనంటే తనకి బాగా పొసెసివ్ మేడమ్’ అంటారు, కాస్త గర్వంగానే. నాకు బాధ కలిగేది అక్కడే. పాస్‌వర్డ్ అడగడం, లొకేషన్ పెట్టమనడం, స్నేహితులను ఒక్కొక్కరినీ దూరం చేయడం ప్రేమలో మామూలేనని వాళ్లు నమ్ముతున్నారు. చెయ్యి మెలిపెట్టడం చాలాసార్లు వీటన్నిటి తర్వాతే వస్తుంది. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. ఏదో ఒక సంబంధంలో ఉన్న అమ్మాయిల్లో దాదాపు 24 శాతం మంది 20 ఏళ్లు వచ్చేలోపే భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చెప్పింది.

ఈ రాత్రి చెల్లి పడుకున్నాక పక్కన కూర్చోండి. ‘నీ చెయ్యి చూశాను. నీ మీద కోపం లేదు. ఏం జరిగినా నీ వెనక నేనున్నాను’ అనండి చాలు. ‘నేను ముందే చెప్పానా’ అనే మాట మాత్రం నోటివెంట రానీయకండి. వెంటనే చెప్పకపోవచ్చు, రెండు మూడు రోజులు పట్టినా ఓపిక పట్టండి. ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి: ఎప్పుడైనా మెడ పట్టుకున్నాడా, గొంతు నొక్కాడా? అవునంటే, పైకి మచ్చ లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టంగా ఉన్నా, ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. నిద్ర, తిండి తగ్గడం ఈ ఒత్తిడి వల్లే కావచ్చు, అయినా ఒకసారి పరీక్ష చేయిద్దాం.

ఫొటోల సంగతి. కంగారులో చాట్లు డిలీట్ చేయకండి. బెదిరింపు మెసేజ్‌లను తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు విడిగా విభాగం ఉంది. 18 ఏళ్లలోపు తీసిన అభ్యంతరకర ఫొటోలైతే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. ఆ సేవలో భాగమైన సోషల్ మీడియా సంస్థలు ఆ గుర్తుతో ఫొటోను పట్టి తీసేస్తాయి. వదిలేస్తానన్న అమ్మాయి వెంటపడటం కూడా నేరమే, భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్.

విడిపోతానని చెప్పే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. ‘చివరిసారి ఒక్కసారి కలువు’ అంటే వెళ్లవద్దని గట్టిగా చెప్పండి, కైలాసగిరి అయినా, కాలేజీ వెనక సందు అయినా సరే. కొన్నాళ్లు రాకపోకలకు ఎవరో ఒకరు తోడుండాలి. ప్రిన్సిపాల్‌ను మీరే కలిసి విషయం చెప్పండి. అత్యవసరమైతే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళలకు 181. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కు అమ్మాయే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రిన్సిపాల్‌ను కలిసినప్పుడు ఇంకొకటి కూడా అడగండి. అమెరికాలోని నార్త్ కరొలినాలో 8, 9 తరగతుల పిల్లలకు ‘సేఫ్ డేట్స్’ పేరుతో 10 పాఠాలు, ఒక నాటిక, ఒక పోస్టర్ పోటీ పెట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఆ పాఠాలు విన్న పిల్లల్లో కొట్టడం, దెబ్బలు తినడం రెండూ తక్కువగా ఉన్నాయి. మన జూనియర్ కాలేజీల్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) క్లాసుల మధ్య వారానికో గంట దీనికి దొరకదంటే నేను ఒప్పుకోను. అబ్బాయిలు కూడా కూర్చోవాలి. ‘వద్దు’ అంటే ఆగిపోవడం, కాదన్నాక కోపాన్ని దిగమింగుకోవడం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. ఆ అబ్బాయి కూడా ఎవరో ఒకరి బిడ్డే. ప్రిన్సిపాల్ ద్వారా వాళ్ల అమ్మానాన్నలకూ కబురు వెళ్లాలి. మీరు మాత్రం నేరుగా వాళ్లింటికి గొడవకు వెళ్లకండి.

వీలైనంత త్వరగా ఎవరైనా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకైనా సరే. ‘మెంటల్ హాస్పిటలా’ అని చుట్టాలంటారని వెనకాడకండి. డాక్టర్ మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి, ఆ పది నిమిషాల్లోనే పిల్ల నోరు విప్పుతుంది. ఒక సంగతి మాత్రం అమ్మాయికి ముందే తెలియాలి: లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టర్ పోలీసులకు చెప్పి తీరాలి. మిగతా మాటలు ఆ గది దాటకూడదని డాక్టర్‌ను మీరే అడగండి, అమ్మాయి వింటుండగానే.