దంతవైద్యులకు వ్యాపార పాఠం చెప్పబోతున్న నీకు

అమ్మాయీ,

దంతవైద్యులకు ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్ కోర్సు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఎలా మొదలుపెట్టమంటారని అడిగావు. బిజినెస్ ప్లాన్‌తో మాత్రం వద్దు. మార్కెట్ లెక్కలు, పెట్టుబడిదారుల ముందు చెప్పే ప్రసంగాలు ముందే పెడితే, విద్యార్థులు సమస్య ఏమిటో చూడకుండానే ఒక యాప్‌కి పేరు పెట్టేసి కూర్చుంటారు. ఇక ఆ పేరు మీద మమకారం వదలదు.

మొదటి రెండు వారాలు వాళ్లను క్లినిక్‌లోనే ఉంచు. చికిత్స చేయించకు, ఊరికే చూడమను. పని ఎక్కడ ఆగుతోంది? అసిస్టెంట్ ఒకే డ్రాయర్ కోసం ఎన్నిసార్లు లేస్తోంది? ఇంప్రెషన్ (పళ్ల అచ్చు) ల్యాబ్ నుంచి ఎందుకు తిరిగొచ్చింది? పేషెంట్ ఏ క్షణంలో బిగుసుకుపోయాడు? ఇవన్నీ రాయమను. పరిష్కారం మాత్రం రాయొద్దని చెప్పు. ఆ ఒక్క నిబంధన వాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది, నొప్పి కనబడగానే చికిత్స మొదలుపెట్టే చదువు కదా మనది. 1864లో శాన్‌ఫోర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడు రబ్బరు ముక్కకు రంధ్రం చేసి పన్ను చుట్టూ తొడిగాడు. ఫిల్లింగ్ చేసేచోటికి లాలాజలం చేరి పని చెడుతోందన్న విసుగులోంచి పుట్టిందది. రబ్బర్ డ్యామ్ అంటే అదే, ఈనాటికీ రూట్ కెనాల్‌కి పెడుతున్నాం. ఈ సంగతి మొదటి క్లాసులోనే చెప్పు. పెద్ద యంత్రం కనిపెడితేనే ఇన్నోవేషన్ అన్న బెరుకు కొంత పోతుంది.

ఆ తర్వాత ఎదురయ్యేది భయం. మన విద్యార్థి ఏళ్ల తరబడి తప్పు చేయకూడదనే నేర్చుకుంటూ వచ్చాడు. అది సరైన పాఠమే. అలాంటివాడిని 'ధైర్యంగా ఫెయిలవ్వు' అంటే వినడు, వినకూడదు కూడా. అందుకని తప్పు ఎక్కడ చేయొచ్చో గీత గీసి చూపించు. తీసేసిన పళ్ల మీద, ప్లాస్టిక్ దవడ మీద, తోటి విద్యార్థిని పేషెంట్‌గా కూర్చోబెట్టి ఉత్తుత్తిగా నడిపే రిహార్సల్‌లో ఎన్ని పొరపాట్లు జరిగినా ఫర్వాలేదు. నిజమైన పేషెంట్ దగ్గరికి వెళ్లాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి ఉండాల్సిందే. ఈ గీత స్పష్టంగా ఉంటే వాళ్ల టెన్షన్ తగ్గుతుంది, చేతులు కదులుతాయి.

ఎంత కాలం పడుతుందో కూడా దాచకు. స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్, దవడ ఎముకలో బిగించే టైటానియం ఇంప్లాంట్లతో తొలి పేషెంట్‌కి చికిత్స చేసింది 1965లో. ఉత్తర అమెరికా దంతవైద్యులు ఆ పద్ధతిని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది 1982 టొరంటో సదస్సు తర్వాతే. ఆ మధ్య ఏళ్లలో జరిగిందల్లా పేషెంట్లను మళ్లీ మళ్లీ పిలిచి చూడడం, రికార్డులు రాయడం. దీనికి ఒక క్లాసు పూర్తిగా కేటాయించు.

గదిలో అందరూ దంతవైద్యులే ఉంటే కోర్సు బలహీనపడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి తొడిగే అచ్చులతో పళ్లను కొంచెం కొంచెంగా జరపొచ్చని కెస్లింగ్ అనే ఆర్థోడాంటిస్ట్ (వంకర పళ్లను సరిచేసే వైద్యుడు) 1945లోనే రాశాడు. కానీ ప్రతి అడుగుకీ చేత్తో కొత్త అచ్చు చేయడం ఎవరి తరం? 1997లో ఇలాంటి అచ్చులు తయారుచేసే అలైన్ టెక్నాలజీ సంస్థను మొదలుపెట్టిన ఇద్దరూ దంతవైద్యులు కారు. ఆ అచ్చుల పని కంప్యూటర్‌కి అప్పగించారు. అలాగే జ్యూరిక్‌లో దంతవైద్యుడు మోర్మన్, ఇంజినీరు బ్రాండెస్టీని కలిశాకే 1985లో పేషెంట్ కుర్చీ పక్కనే యంత్రంతో ఇన్‌లే (పంటి గుంతలో అతికించే ముక్క) చెక్కడం సాధ్యమైంది. ప్రతి జట్టులో ఒక ఇంజినీరింగ్ విద్యార్థినో, ల్యాబ్ టెక్నీషియన్‌నో చేర్చు. అసిస్టెంట్లను తప్పకుండా పిలువు, రోజంతా అన్నీ చూసేది వాళ్లే.

డబ్బు గురించి మాట్లాడడానికి సంకోచించకు. అద్దె, జీతాలు, స్టెరిలైజేషన్, మరమ్మతులు కలిపి ఒక కుర్చీ ఒక గంట నడవడానికి ఎంతవుతుందో చాలామందికి క్లినిక్ పెట్టాకే తెలుస్తుంది. ఆ లెక్క ప్రతి ఒక్కరి చేతా వేయించు, అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ల వల్ల ఖాళీగా పోయిన గంటలతో సహా. ఆ తర్వాత ఇలా అడుగు: అప్పు చేసి స్కానర్ కొన్నావు, వాయిదా దగ్గరపడింది, ఎదురుగా ఉన్న పేషెంట్‌కి చిన్న ఫిల్లింగ్ సరిపోతుంది. ఖరీదైన క్రౌన్ (పంటి తొడుగు) వేయించుకోమంటావా? జవాబు అందరికీ తెలుసు. వాయిదా కట్టే నెలలో కూడా ఆ జవాబు నిలబడాలంటే కొనకముందే లెక్క తేల్చుకుని ఉండాలి. నా దృష్టిలో కోర్సు మొత్తానికీ ఇదే ముఖ్యమైన క్లాసు. మార్కెటింగ్‌కి ఒక పూట చాలు.

పేటెంట్ గురించి ఎక్కువ వద్దు. దరఖాస్తు వేయకముందే సదస్సులో చూపించేస్తే చాలా దేశాల్లో హక్కు పోతుందని తెలిస్తే సరిపోతుంది. దాంతోపాటు మోర్టన్ సంగతి చర్చకు పెట్టు. 1846లో ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ జరిపించిన దంతవైద్యుడాయన. అది ఈథర్ అని తెలియకుండా రంగు, వాసన కలిపి, లీథియాన్ అని పేరు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. వైద్యులు త్వరలోనే కనిపెట్టేశారు. ఆ ఘనత ఎవరిదన్న తగాదాల్లో ఏళ్లు గడిచిపోయాయి. పేషెంట్‌కి మేలు చేసేదాంట్లో ఎంతవరకు దాచుకోవచ్చో విద్యార్థులనే వాదించుకోనివ్వు, తీర్పు నువ్వు చెప్పకు.

మార్కులు ప్రసంగానికి వేయకు. ఏం ప్రయత్నించారు, ఏది వదిలేశారు, ఎందుకు అని రాసుకున్న పుస్తకానికి వెయ్యి. 'మా ఆలోచన పనిచేయదు, కారణం ఇదీ' అని రుజువుతో చెప్పిన జట్టుకి పూర్తి మార్కులు ఇవ్వడానికి వెనకాడకు.

ఇంకొక్క మాట. క్లాసులో సగంమంది సొంతంగా ఏ సంస్థా పెట్టకపోవచ్చు. 1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు, డ్రిల్ లేనిచోట చేతి పరికరాలతోనే పుచ్చు తీసి, పంటికి అంటుకునే సిమెంట్‌తో నింపే ఏఆర్‌టీ (అట్రామాటిక్ రిస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి రూపుదిద్దుకుంది. డ్రిల్లే అందనివాళ్ల పళ్లు దానివల్ల నిలిచాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేయాలనుకునే విద్యార్థి ఈ కోర్సు తనకోసం కాదనుకుని వెనక బెంచీకి వెళ్లిపోకముందే, మూడో వారంలోనే ఈ పాఠం చెప్పెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు