లెన్స్ డిజైన్ నేర్చుకోవాలంటే ఏ పుస్తకాలు చదవాలి?

ప్రశ్న: ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నాను. ఆప్టిక్స్ అంటే చాలా ఇష్టం. కెమెరా లెన్సులు, మైక్రోస్కోపులు, ఎండోస్కోపులు డిజైన్ చేసే ఉద్యోగంలోకి వెళ్లాలని ఉంది. మా సిలబస్‌లో లెన్స్ డిజైన్ లేదు. సొంతంగా చదువుకుందామని వెతికితే బోలెడన్ని పుస్తకాల పేర్లు కనబడ్డాయి. ఏవి కొనాలో, ఏ వరుసలో చదవాలో అర్థం కావడం లేదు. పుస్తకాలెందుకు, జీమ్యాక్స్ అనే లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలు, ఉద్యోగం అదే వస్తుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు సీనియర్ల మాట సంగతి చూద్దాం. అందులో సగం నిజం ఉంది. ఆప్టికల్ డిజైనర్ ఉద్యోగ ప్రకటన ఏది తీసినా జీమ్యాక్స్ ఆప్టిక్‌స్టూడియో, కోడ్ వీ పేర్లే ఎక్కువగా ఉంటాయి. వాటిలో ఒక్కటైనా చేతికి అలవాటు కాకుండా ఈ ఉద్యోగం రావడం కష్టం. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఒకసారి చూడండి. మొదటి డిజైన్ మీరే ఇవ్వాలి. అక్కడి నుంచి అది వక్రతలను, మందాలను, మధ్య దూరాలను కొద్దికొద్దిగా మారుస్తూ, లోపాలన్నిటినీ కలిపి ఒక్క అంకెగా చూపే మెరిట్ ఫంక్షన్‌ను తగ్గించుకుంటూ పోతుంది. ఇక తగ్గని చోట ఆగిపోతుంది. ఇంతకన్నా మంచి డిజైన్ మరో రూపంలో ఉండొచ్చని అది చెప్పదు. గ్లోబల్ సెర్చ్ ఉంది కదా అనొచ్చు. ఉంది, కానీ ఎన్ని లెన్సులు పెట్టాలి, ఏ గ్లాసులు వాడొచ్చు, హద్దులేమిటి అన్నది అక్కడా మీరే చెప్పాలి. హద్దు పెట్టడం మర్చిపోతే అంచు మందం సున్నా కన్నా తక్కువ ఉన్న లెన్సును కూడా బ్రహ్మాండమైన ఫలితంగా చూపిస్తుంది. అలాంటి లెన్సును ఎవరూ తయారుచేయలేరు.

అందుకే నా సలహా ఇది. తక్కువ పుస్తకాలు తీసుకోండి. వాటిని పెన్సిల్, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి. చేత్తో వేసిన లెక్కను ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సరిచూసుకోండి. నాలుగు పుస్తకాలు ఇలా చదివినవాళ్లకు వచ్చే పట్టు, ఇరవై పుస్తకాలు తిరగేసినవాళ్లకు రాదు.

మొదటి పుస్తకం లెన్స్ డిజైన్ పుస్తకం కానక్కర్లేదు. యూజీన్ హెక్ట్ రాసిన ఆప్టిక్స్ మీ లైబ్రరీలో ఉండే ఉంటుంది. అందులో జామెట్రికల్ ఆప్టిక్స్ మీద ఉన్న రెండు అధ్యాయాలు, అంటే 5, 6, ముందు పూర్తిచేయండి. ప్రిన్సిపల్ ప్లేన్లు, స్టాప్ (లోపలికి వచ్చే కాంతికి హద్దు పెట్టే రంధ్రం), ఎంట్రన్స్ ప్యూపిల్, ఎగ్జిట్ ప్యూపిల్ (ముందు నుంచి, వెనక నుంచి చూస్తే కనబడే ఆ స్టాప్ ప్రతిబింబాలు) అన్నవి బొమ్మ వేసి చూపించగలిగేంత స్పష్టంగా రావాలి. పరీక్షల కోసం చదివేటప్పుడు ప్యూపిల్ దగ్గర చాలామంది దాటవేస్తారు. లెన్స్ డిజైన్‌లో మాత్రం రోజూ దానితోనే పని. ఇక్కడే పారాక్సియల్ రే ట్రేసింగ్‌ను, అంటే అక్షానికి దగ్గరగా వెళ్లే కిరణాల దారి లెక్కను, కాగితం మీద పట్టిక వేసి చేయడం నేర్చుకోండి. దీనికి జాన్ గ్రీవెన్‌క్యాంప్ రాసిన ఫీల్డ్ గైడ్ టు జామెట్రికల్ ఆప్టిక్స్ అనే చిన్న పుస్తకం బాగా పనికొస్తుంది. ఎస్‌పీఐఈ సంస్థ 2004లో వేసింది. పాఠంలా ఉండదు, సూత్రాలన్నీ ఒకచోట దొరుకుతాయి. బల్ల మీద ఎప్పుడూ ఉంచుకోదగ్గది.

ఆ తర్వాత వారెన్ స్మిత్ రాసిన మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్. 1966లో మొదట వచ్చింది, నాలుగో ఎడిషన్ 2008లో వచ్చింది. ఈ రంగంలో ఒక్క పుస్తకమే చెప్పమంటే నేను దీని పేరే చెబుతాను. ఇది ఇంజనీరు కోసం రాసిన పుస్తకం. అబెరేషన్లు, అంటే ప్రతిబింబంలో వచ్చే దోషాలు, ఏమిటో చెప్పి ఊరుకోదు. ఏది ఎందుకు వస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది, తగ్గించడానికి ఇంకెక్కడ నష్టపోతాం అన్నది ఉద్యోగంలో పక్కన కూర్చున్న సీనియర్ చెప్పినట్టు చెబుతుంది. ఆప్టికల్ మెటీరియల్స్, కోటింగులు, ప్రిజమ్‌లు, కన్ను, రేడియోమెట్రీ అన్నీ ఇందులో ఉన్నాయి. మొదటి అట్ట నుంచి చివరి అట్ట వరకు వరుసగా చదవాలని పట్టుబట్టకండి. అబెరేషన్ల అధ్యాయాలు, డిజైన్ అధ్యాయాలు శ్రద్ధగా చదివి, మిగతావి అవసరమైనప్పుడు చూసుకోండి.

చేత్తో లెక్క వేయాలని ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ. ఉన్న లెన్స్ కావాలి అనుకోండి. ఎన్-బీకే7 గ్లాసుతో ఒకే లెన్స్ చేస్తే నీలం కాంతికీ ఎరుపు కాంతికీ ఫోకస్ మధ్య తేడా సుమారు 1.56 మి.మీ. వస్తుంది. 100ను ఆ గ్లాసు ఆబే సంఖ్య (ఇది ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువగా విడిపోతాయి) 64.17తో భాగిస్తే వచ్చేది అదే. ఈ తేడా పోవాలంటే ఎఫ్2 లాంటి ఫ్లింట్ గ్లాసుతో రెండో లెన్సు జోడించి డబ్లెట్ చేస్తాం. ఎఫ్2 ఆబే సంఖ్య 36.37. రెండు సంఖ్యల తేడా 27.80. 100ను 27.80తో గుణించి 64.17తో భాగిస్తే 43.3. అంటే మొదటి లెన్స్ ఫోకల్ లెంగ్త్ 43.3 మి.మీ. ఉండాలి. అదే గుణకారాన్ని 36.37తో భాగిస్తే 76.4. అంటే రెండోది మైనస్ 76.4 మి.మీ. ఉండాలి.

ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగండి. మనకు కావలసింది 100 మి.మీ. లెన్సే. కానీ రంగు దోషం పోవడానికి దానికి రెండింతల కన్నా ఎక్కువ శక్తి (ఫోకల్ లెంగ్త్ తగ్గినకొద్దీ పెరిగేది) ఉన్న లెన్సు పెట్టి, పెరిగిన శక్తిని నెగటివ్ లెన్సుతో తగ్గించుకోవాల్సి వచ్చింది. శక్తి పెరిగితే ఉపరితలాల వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే స్ఫెరికల్ అబెరేషన్, అంటే అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకేచోట కలవని దోషం, పెరుగుతుంది. ఆబే సంఖ్యల తేడా 20 మాత్రమే ఉన్న గ్లాసుల జత తీసుకుంటే మొదటి లెన్స్ 31 మి.మీ. దాకా దిగిపోవాలి, పరిస్థితి ఇంకా కష్టమవుతుంది. గ్లాసుల ఎంపికకు డిజైనర్లు అంత సమయం ఎందుకు పెడతారో ఈ అయిదు నిమిషాల లెక్కతో తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే జవాబు వస్తుంది, ఈ కారణం మాత్రం తెరమీదికి రాదు.

ఇలాంటిదే ఇంకొకటి చేసి చూడండి. ఒకవైపు చదునుగా, ఒకవైపు కుంభాకారంగా ఉన్న ఎన్-బీకే7 లెన్స్ తీసుకోండి. ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ., వ్యాసం 25 మి.మీ. వంపు వ్యాసార్ధం 51.68 మి.మీ. అవుతుంది. దూరం నుంచి వచ్చే కాంతికి వంపు వైపు చూపిస్తే, థర్డ్ ఆర్డర్ లెక్క ప్రకారం అంచు కిరణాల ఫోకస్ మధ్య కిరణాల కన్నా సుమారు 1.7 మి.మీ. ముందుకు వస్తుంది. అదే లెన్సును తిప్పి చదును వైపు చూపిస్తే సుమారు 6.7 మి.మీ. అవుతుంది. గ్లాసు అదే, ఫోకల్ లెంగ్త్ అదే, తిప్పినందుకు దోషం దాదాపు నాలుగు రెట్లయింది. లెన్స్ బెండింగ్ అనే అధ్యాయమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో రెండు విధాలా పెట్టి, ఏ కిరణం ఎంత పక్కకు పోతోందో చూపే రే ఫ్యాన్ ప్లాట్లు పక్కపక్కన చూడండి.

మూడో పుస్తకం రుడాల్ఫ్ కింగ్స్‌లేక్ రాసిన లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్. మొదట 1978లో వచ్చింది. ఆర్. బ్యారీ జాన్సన్ సవరించి విస్తరించిన రెండో ఎడిషన్ 2010లో వచ్చింది, కొంటే అదే కొనండి. కింగ్స్‌లేక్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఏ. ఈ. కాన్రాడీ దగ్గర చదువుకున్నారు, తర్వాత ఆయన అల్లుడయ్యారు. 1929లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆప్టిక్స్ సంస్థ మొదలైనప్పుడు అక్కడ పాఠం చెప్పినవారిలో ఒకరు. తర్వాత కొడాక్ కంపెనీలో లెన్స్ డిజైన్ విభాగాన్ని నడిపారు. పాఠం చెప్పిన అనుభవం, ఫ్యాక్టరీకి డిజైన్లు ఇచ్చిన అనుభవం రెండూ ఆ పుస్తకంలో కనబడతాయి. ఒక్కో డిజైన్‌ను అంకెలతో సహా అంచెలంచెలుగా నడిపిస్తారు. చదవడం తేలిక కాదు. వారానికి పది పేజీలు నడిచినా టెన్షన్ పడకండి, ఆ పుస్తకానికి అది మామూలు వేగమే. కాన్రాడీ రాసిన అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్ కూడా గొప్ప పుస్తకమే, కానీ మొదటి భాగం 1929 నాటిది. గుర్తులు, పద్ధతులు పాతవి. దాన్ని ఇప్పుడు పట్టుకోవద్దు.

కింగ్స్‌లేక్ మరీ బరువుగా అనిపిస్తే మధ్యలో హోసే సాసియన్ రాసిన ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్ చదవండి. 2019లో వచ్చింది. ఆయన అరిజోనా విశ్వవిద్యాలయంలో ఇదే పాఠం చెప్పే ప్రొఫెసర్. పుస్తకం చిన్నది, క్లాసు నోట్సులా సూటిగా ఉంటుంది. జీమ్యాక్స్ తెరిచి పెట్టుకుని చదవాలనుకునేవాళ్లకు జోసెఫ్ గియరీ 2002లో రాసిన ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్ నప్పుతుంది. సాఫ్ట్‌వేర్ తెరలు ఇప్పుడు మారిపోయి ఉంటాయి, చెప్పే విషయం మారలేదు. కోడ్ వీ అందుబాటులో ఉంటే డోనాల్డ్ ఓషే, జూలీ బెంట్లీ కలిసి రాసిన డిజైనింగ్ ఆప్టిక్స్ యూజింగ్ కోడ్ వీ చూడండి. ఈ మూడింటిలో ఒకటి చాలు.

ఇంతవరకు వచ్చాక మీ పరీక్ష కుక్ ట్రిప్లెట్. హెచ్. డెనిస్ టేలర్ 1893లో పేటెంట్ తీసుకున్న మూడు లెన్సుల డిజైన్ అది. రెండు పాజిటివ్ లెన్సుల మధ్య ఒక నెగటివ్ లెన్సు. ఆరు వంపులు, రెండు గాలి ఖాళీలు, మొత్తం ఎనిమిది మార్చుకోదగ్గ విలువలు. సరిచేయాల్సినవి ఎన్ని? సైడెల్ చెప్పిన అయిదు అబెరేషన్లు, రెండు రంగు దోషాలు, పైగా కావలసిన ఫోకల్ లెంగ్త్. అవీ ఎనిమిదే. అందుకే మూడు లెన్సులతో అన్నిటినీ అదుపులో పెట్టడం మొదటిసారి సాధ్యమైంది. గాలి ఖాళీని కూడా డిజైన్ విలువగా వాడుకోవచ్చన్న ఆలోచన అక్కడ ఎంత పని చేసిందో ట్రిప్లెట్‌ను మీరే మొదటి నుంచి కట్టినప్పుడు తెలుస్తుంది. పుస్తకంలో ఉన్న ట్రిప్లెట్‌ను కాపీ చేయడం వేరు, శక్తులు లెక్కవేసి మొదలుపెట్టి ఎఫ్/4 (కాంతి వచ్చే రంధ్రం ఫోకల్ లెంగ్త్‌లో నాలుగో వంతు) దాకా లాగడం వేరు. రెండోదే చేయండి.

దీనికి ఖరీదైన లైసెన్స్ అక్కర్లేదు. ఓస్లో సాఫ్ట్‌వేర్‌కు విద్యార్థుల కోసం ఉచిత ఎడిషన్ ఉంది. పది ఉపరితలాల హద్దు ఉంటుంది కానీ ట్రిప్లెట్‌కు ఆరు ఉపరితలాలు, ఒక స్టాప్ చాలు కాబట్టి సరిపోతుంది. పైథాన్ వస్తే ఆప్టిలాండ్, రే-ఆప్టిక్స్ లాంటి ఓపెన్ సోర్స్ లైబ్రరీలు ఉన్నాయి. పెద్ద సాఫ్ట్‌వేర్లకు మీ కాలేజీ పేరు మీద విద్యార్థి లైసెన్స్ వస్తుందేమో మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి.

ఇక పుస్తకాల కన్నా విలువైన ఒక వనరు చాలామంది విద్యార్థులకు తెలియదు. పేటెంట్లు. లెన్స్ పేటెంట్ ఏది తెరిచినా అందులో పట్టిక ఉంటుంది: ప్రతి ఉపరితలం వ్యాసార్ధం, మందం, గ్లాసు వక్రీభవన గుణకం, ఆబే సంఖ్య. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. డబుల్ గాస్ అనే రకం కెమెరా లెన్స్ పాత పేటెంట్ ఒకటి తీసుకుని అంకెలు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి, ఫోకల్ లెంగ్త్ మీకు కావలసినంతకు స్కేల్ చేయండి, ఏ ఉపరితలం ఏ అబెరేషన్‌ను ఎంత తెస్తోందో సైడెల్ పట్టికలో చూడండి. ఉద్యోగంలో కొత్త ప్రాజెక్ట్ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. మొదలుపెట్టే డిజైన్ల కోసం వారెన్ స్మిత్‌దే ఇంకో పుస్తకం మోడర్న్ లెన్స్ డిజైన్, మిల్టన్ లైకిన్ రాసిన లెన్స్ డిజైన్ కూడా ఉన్నాయి. రెండింటిలోనూ రకరకాల లెన్సుల అంకెలు దొరుకుతాయి. ఇవి చదివే పుస్తకాలు కాదు, వెతుక్కునే పుస్తకాలు.

నాలుగోది, కొత్తవాళ్లు తరచూ వదిలేసేది, టాలరెన్సింగ్, అంటే తయారీలో ఎంత తేడా వచ్చినా లెన్సు పనిచేస్తుందో లెక్కవేయడం. తెరమీద అద్భుతంగా ఉన్న లెన్సు, వ్యాసార్ధంలో చిన్న తేడా వచ్చినా, ఒక లెన్సు కొంచెం పక్కకు జరిగినా పనికిరాకుండా పోవచ్చు. వర్క్‌షాప్‌లో అన్నీ కొంచెం తేడాతోనే వస్తాయి. రాబర్ట్ ఫిషర్, బిల్యానా తాడిక్-గాలెబ్ రాసిన ఆప్టికల్ సిస్టమ్ డిజైన్ దీనికి మంచిది. తయారీ, ఖర్చు, టాలరెన్సులు, కొలతలు అన్నీ డిజైనర్ కళ్లతో చెబుతుంది. ఇంటర్వ్యూలో మీ డిజైన్ చూపించగానే వచ్చే ప్రశ్న ఎంటీఎఫ్ (సన్నని వివరాలను లెన్సు ఎంత స్పష్టంగా చూపుతుందో చెప్పే కొలత) ఎంత అని. దాని వెనకే వచ్చేది, తయారైన వందలో ఎన్ని ఆ ఎంటీఎఫ్ ఇస్తాయి అని. ఈ రెండో ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పగలిగితే, మీకు సాఫ్ట్‌వేర్ వచ్చా రాదా అని అడగాల్సిన అవసరం వాళ్లకు ఉండదు. కాబట్టి మీ ట్రిప్లెట్‌కు మోంటె కార్లో టాలరెన్స్ విశ్లేషణ (తయారీ తేడాలను యాదృచ్ఛికంగా మారుస్తూ చాలాసార్లు లెక్కవేయడం) చేసి, ఏ ఉపరితలం ఎక్కువ సున్నితంగా ఉందో, దాన్ని తగ్గించడానికి డిజైన్‌లో ఏం మార్చారో రెండు పేజీల రిపోర్ట్ రాసి పెట్టుకోండి. రెజ్యూమేలో సర్టిఫికెట్ల వరుస కన్నా అది బాగా పనిచేస్తుంది.

వెల్ఫర్డ్ రాసిన అబెరేషన్స్ ఆఫ్ ఆప్టికల్ సిస్టమ్స్, హెర్బర్ట్ గ్రాస్ సంపాదకత్వంలో వచ్చిన హ్యాండ్‌బుక్ సంపుటాలు ఇప్పుడు వద్దు. మంచివే కానీ అవి రెండు మూడేళ్లు పని చేశాక అక్కరకొస్తాయి.

కొనడం విషయానికొస్తే, సొంతంగా ఉండాల్సినవి రెండే: స్మిత్ మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్, కింగ్స్‌లేక్-జాన్సన్. మార్జిన్లలో రాసుకునే పుస్తకాలవి, అరువు తెచ్చుకుంటే కుదరదు. స్మిత్ మూడో ఎడిషన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోండి, నేర్చుకోవడానికి ఏ లోటూ ఉండదు. మిగతావన్నీ లైబ్రరీలో అడగండి. లేకపోతే తెప్పించమని మీ ప్రొఫెసర్ సంతకంతో అర్జీ పెట్టండి. హెక్ట్ ఈ వారమే తెచ్చుకుని 5వ అధ్యాయం మొదలుపెట్టండి.