నూటపదహార్లు వచ్చాయి, పంపిందెవరు?

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర ఏడుగురు సభ్యులున్న చిన్న సొసైటీ. ఆసుపత్రిలో రోగులకు తోడుగా ఉండేవాళ్లకు రాత్రి భోజనం పెడుతున్నాం. విరాళాలన్నీ మా కోశాధికారి గారి ఫోన్‌పే నంబరుకే వస్తున్నాయి. డొనేట్ బటన్‌తో వెబ్‌సైట్ చేయించాలంటే 60 వేలవుతుందని ఒకరు చెప్పారు. మాకంత స్తోమత లేదు. చవకలో అయ్యే దారి ఉందా?

జవాబు: ఉందండీ. ఆ 60 వేలు బియ్యానికి, కందిపప్పుకి దాచుకోండి. విరాళం తీసుకోవడానికి వెబ్‌సైట్ అవసరమే లేదు.

ముందు కోశాధికారి గారి నంబరు ఇవ్వడం ఆపేయండి. ఆయన్ని అనుమానించి చెప్పడం లేదు, ఆయన మేలు కోరే చెబుతున్నా. సొంత ఖాతాలో పడిన సొమ్ముకి రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఎవరో పంపిన వెయ్యి రూపాయలకు ఏదైనా సైబర్ మోసం కేసుతో ముడి ఉందని తేలితే, ఖాతాలో ఆ మొత్తాన్నో, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నో ఆపేస్తారు. ఆయన పెన్షన్, ఇంటి ఈఎంఐ అన్నీ ఆ ఖాతాలోనే ఉంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

సొసైటీ పేరు మీదే ఖాతా తెరవండి. రిజిస్ట్రేషన్ పత్రం, బైలాలు, సొసైటీ పాన్ కార్డు, ఎవరెవరు సంతకం చేస్తారో రాసిన తీర్మానం ఉంటే చాలు. రిజిస్టర్ అయిన సొసైటీకి సేవింగ్స్ ఖాతా ఇవ్వొచ్చు, కాబట్టి కరెంట్ ఖాతా తీసుకోక తప్పదని బ్రాంచిలో ఎవరైనా అంటే ఇంకోసారి అడగండి. ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్ ఇమ్మనండి. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై ఎండీఆర్, అంటే డబ్బు అందుకునేవాళ్ల నుంచి పట్టుకునే రుసుము, సున్నా. క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకొని పంపేవాళ్ల సంగతి వేరే కానీ, బ్యాంకు ఖాతా నుంచి పంపితే దాత పంపిన రూపాయి రూపాయిగానే మీకు చేరుతుంది.

ఇక్కడితో పనైపోయిందనుకుంటారు చాలామంది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మా కాలనీ వినాయక చవితి చందాల లెక్క ఒక ఏడాది నా నెత్తిన పడింది. మన అలవాటు తెలిసిందేగా, అందరూ 116, 516, 1,116. మొత్తాన్ని బట్టి మనిషిని పోల్చుకుందామంటే ఎలా? స్టేట్‌మెంట్‌లో పేర్లు సగంలో తెగిపోయాయి. ‘వెంకట’ దగ్గర ఆగినవాళ్లే నలుగురు. నలుగురూ రసీదు అడిగారు.

చవితి పందిరి దగ్గర ఇది నవ్వుకుని వదిలేసే విషయం. పన్ను మినహాయింపు పొందిన సేవాసంస్థకు అలా కుదరదు. దాత పేరు, చిరునామా నమోదు చేయకపోతే దాన్ని అజ్ఞాత విరాళం అంటారు. ఏడాదికి వచ్చిన మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకూ పర్లేదు. అది దాటిన అజ్ఞాత విరాళాలపై 30 శాతం పన్ను పడుతుంది. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఇది వర్తించదు. గుడి హుండీకి లేని చిక్కు మీ అన్నదానానికి ఉందన్నమాట. క్యూఆర్ కోడ్ ఏమో చిరునామా చెప్పదు.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం గూగుల్ ఫామ్. పేరు, చిరునామా, ఫోను, పాన్, చెల్లింపు తేదీ, యూపీఐ రసీదులో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు (ఒక్కో చెల్లింపుకి ఒక్కో గుర్తింపు సంఖ్య)... ఈ ఆరు గడులు చాలు. వాట్సాప్‌లో క్యూఆర్ బొమ్మ పంపినప్పుడల్లా కింద ఫామ్ లింకు కూడా పెట్టండి. వారానికోసారి స్టేట్‌మెంట్‌ని ఎక్సెల్‌లో దింపుకుని యూటీఆర్ నంబర్లు జత కలిపితే ఏది ఎవరిదో తేలిపోతుంది. ఫామ్ నింపని పెద్దవాళ్లకు మీరే ఫోన్ చేసి అడిగి నింపండి, మరో దారి లేదు. ఆ షీట్‌లో జనం పాన్ నంబర్లు ఉంటాయి. లింకు ఉన్న ఎవరైనా తెరిచి చూసేలా మాత్రం పెట్టొద్దు. ఇద్దరి ఈమెయిల్‌కి అనుమతి ఇస్తే సరిపోతుంది.

దాతలకు పన్ను తగ్గింపు ఇప్పించే 80జీ అనుమతి ఉంటే ఈ షీటే మీకు కొండంత అండ. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా దాతల వివరాలు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఇవ్వాలి, దాన్నిబట్టే దాతలకు సర్టిఫికెట్లు వస్తాయి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మనం ఇన్నాళ్లూ 10బీడీ అన్న ఫారం ఇదే. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఇప్పటి పేరు మీ ఆడిటర్‌ని అడగండి. ఇంకో మాట, కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు 80జీ తగ్గింపు రాదు. ‘ట్యాక్స్ కలిసొస్తుంది’ అని అందరికీ చెప్పేయకండి.

ప్రశ్న: పేమెంట్ గేట్‌వే పెట్టుకోమంటున్నారు. రెండు శాతం కోత దండగ కాదా? (ఒక ట్రస్టు కార్యదర్శి, జనగామ)

జవాబు: గేట్‌వే అంటే ఆన్‌లైన్‌లో దాతలు కట్టిన డబ్బు తీసుకుని మీ ఖాతాకు చేర్చే సేవ. లెక్క వేద్దాం. 1,116 రూపాయలకు 2 శాతం అంటే 22.32. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 4.02. మీ చేతికి 1,089.66 వస్తాయి. యూపీఐకి ఎండీఆర్ లేకపోయినా చాలా గేట్‌వేలు తమ ఫీజు తాము తీసుకుంటాయి. సేవాసంస్థలకు తగ్గింపు ఏమైనా ఉందేమో అడగడంలో మొహమాటం వద్దు.

నెలకు పాతిక ముప్పై విరాళాలే అయితే పైన చెప్పిన క్యూఆర్, ఫామ్ జోడీ చాలు. వందలు దాటితే మాత్రం గేట్‌వే దండగ కాదు. రేజర్‌పే లాంటి సంస్థలు వెబ్‌సైట్ లేకపోయినా చెల్లింపు పేజీ తయారు చేసుకోనిస్తాయి. పేరు, చిరునామా నింపితేనే డబ్బు కట్టే దాకా వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఆ 26 రూపాయలు గుమస్తా జీతం అనుకోండి.

ప్రశ్న: మా ఊరి వృద్ధాశ్రమానికి డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, వాళ్ల స్నేహితులు సాయం చేస్తామంటున్నారు. మా యూపీఐ ఐడీని వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టమంటారా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: పెట్టొద్దమ్మా, ముందు ఒక్క ప్రశ్న అడగండి: చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉంది?

మీ అన్నయ్యకి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కింద రాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితుడిది వేరే కథ. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకిచ్చేది) ఉన్నా సరే, తెనాలికి సంక్రాంతికి వచ్చి జేబులోంచి రూపాయల్లో ఇచ్చినా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు.

ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కి సంస్థ పెట్టి కనీసం మూడేళ్లు అయ్యుండాలి, ఆ మూడేళ్లలో సేవలకు 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు చేరాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే. అంత అనుభవం లేని సంస్థలు ఫలానా దాత, ఫలానా పని, ఫలానా మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి కోరవచ్చు. ‘అనుమతి ఉన్న పక్క సంస్థకు పంపిస్తాం, వాళ్ల దగ్గర తీసుకోండి’ అనే పాత పద్ధతి 2020 సవరణతో మూతపడింది. ఎవరో ఒకరి అమ్మగారి ఖాతాకు పంపించి అక్కణ్నుంచి మళ్లిద్దాం అని కూడా సలహా ఇస్తారు. ఆ దొడ్డిదారి తొక్కి ఆశ్రమాన్ని ఇరుకున పెట్టకండి. మీ ఆడిటర్ ఎఫ్‌సీఆర్‌ఏ పని ఎప్పుడూ చేయకపోతే, చేసినవాళ్ల దగ్గరికి ఒక్కసారి వెళ్లి రండి.

ప్రశ్న: నెలనెలా 200 ఇస్తామన్న యాభై మందికి ప్రతిసారీ గుర్తు చేయలేకపోతున్నాం.

జవాబు: యూపీఐ ఆటోపే ఉంది. దాత ఒక్కసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే చాలు, 15 వేల లోపు అయితే తర్వాతి నెలల్లో పిన్ అడగదు. కోత పడే ముందు దాతకు కబురు వెళ్తుంది. వద్దనుకుంటే ఆయనే తన యాప్‌లో రద్దు చేసుకోవచ్చు. మీ వైపు దీనికి గేట్‌వే కావాలి. ఖర్చు లేకుండా కావాలంటే, దాతలనే తమ నెట్‌బ్యాంకింగ్‌లో ప్రతి నెలా ఫలానా తేదీకి మీ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకోమనండి. యాభై మందిలో పదిమంది పెట్టుకున్నా మీకు పది ఫోన్లు తగ్గినట్టే.

ప్రశ్న: మా డబ్బా మీద అంటించిన క్యూఆర్ స్టిక్కర్‌ని ఎవరైనా మార్చేస్తే?

జవాబు: మార్చేస్తారు, మార్చారు కూడా. స్టిక్కర్ వద్దు, అద్దం వెనక పెట్టండి. కోడ్ కింద సంస్థ పేరు పెద్ద అక్షరాలతో రాసి, ‘ఫోన్‌లో ఇదే పేరు కనిపిస్తేనే పంపండి’ అని చేర్చండి. పొద్దున్నే ఎవరో ఒకరు రూపాయి పంపి చూడటం మంచి అలవాటు. తేడా కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక దాతలు చూపించే స్క్రీన్‌షాట్లంటారా, నకిలీవి తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. స్టేట్‌మెంట్‌లో ఆ 12 అంకెలు కనిపించాకే రసీదు రాయండి.