ఫీజు కట్టే ముందు వంటశాల చూడండి

ప్రశ్న: మాది పరకాల. తెలుగు మాధ్యమంలో ఇంటర్ పాసైన మా అబ్బాయి వంట నేర్చుకుని పెద్ద హోటల్లో చేరాలంటున్నాడు. పదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి బ్యూటీషియన్ కోర్సు అడుగుతోంది. హన్మకొండలో ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగాలు ఖాయమని చెప్పి, ఇద్దరికీ ఈ వారంలోనే ఫీజు కట్టమంటోంది. కట్టవచ్చా?

జవాబు: ఈ వారంలో కట్టకండమ్మా. ముందుగా మీ అబ్బాయిని వెంటబెట్టుకుని, ప్రాక్టికల్ జరిగే రోజున ఆ సంస్థ వంటశాలకు వెళ్లండి. ఒక్కో పొయ్యి దగ్గర ఎంతమంది విద్యార్థులున్నారో, వాళ్లు స్వయంగా కూరగాయలు తరిగి, గ్రేవీ చేసి, వడ్డించేదాకా పని చేస్తున్నారో, లేక మాస్టారు వండుతుంటే చుట్టూ నిలబడి రాసుకుంటున్నారో చూడండి. సరుకుల ఖర్చు ఫీజులోనే ఉందా, విడిగా వసూలు చేస్తారా అన్నది కూడా అడగండి, ఎందుకంటే సరుకులకు వెనకాడే చోట పిల్లల చేతికి గరిటె రావడం అరుదు. వంట చేతికి రావలసిన విద్య కాబట్టి, భవనం కన్నా, గోడమీది ఫొటోల కన్నా నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. రెండేళ్ల కిందట చదివి వెళ్లిన నలుగురి ఫోన్ నంబర్లు అడిగి, వారు ఇప్పుడు ఏ వంటశాలలో ఏ పని చేస్తున్నారో వారినే కనుక్కోండి.

తర్వాత చూడవలసింది సర్టిఫికెట్ ఎవరిస్తారన్నది. హైదరాబాద్ విద్యానగర్ ప్రాంతంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ వంటి సంస్థల్లో 3 ఏళ్ల బీఎస్సీ చదవాలంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఇంగ్లిష్, హిందీ భాషల్లోనే ఉంటుంది. దరఖాస్తుల గడువు సాధారణంగా ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తుంది. అందువల్ల మీ అబ్బాయి ఈ ఏడాది ఐటీఐలో ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడులో చేరి, చేతిపని నేర్చుకుంటూనే ఇంగ్లిష్ మెరుగుపరచుకుని, వచ్చే ఏడాది పరీక్ష రాయడం మంచిదని నా అభిప్రాయం. పెద్ద హోటల్ వంటశాలలో ఆర్డరు చీటీలు, సరుకుల పేర్లు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి కాబట్టి ఆ శ్రమ వృథా పోదు.

మీ అమ్మాయికి కూడా ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడు ఉంది. పదో తరగతి చాలు, చదువు ఏడాది, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ప్రైవేటు సంస్థనే ఎంచుకునేటట్లయితే బొమ్మ తలల మీదే కాక మనుషుల మీద ఎన్ని గంటలు సాధన చేయిస్తారో, దువ్వెనలు, కత్తెరలు ఒకరికి వాడాక శుద్ధి చేస్తున్నారో, రంగు వేసేముందు చర్మానికి పడుతుందో లేదో పరీక్షించడం నేర్పుతున్నారో దగ్గరుండి చూడండి. ఆమె రేపు పని చేయబోయేది ఇంకొకరి చర్మం మీద.

ఉద్యోగం ఖాయమన్న మాటను కాగితం మీద రాసి, జీతంతో సహా ఇమ్మనండి. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారో కూడా అందులోనే రాయించుకోండి. పిల్లల ఒరిజినల్ ధ్రువపత్రాలను మాత్రం ఎవరి దగ్గరా వదిలి రాకండి. పరిశీలించి తిరిగి ఇచ్చెయ్యాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే ఉన్నత విద్యాసంస్థలకు స్పష్టం చేసింది. ఇవి అడిగినందుకు సీటు ఇవ్వబోమని అంటే వెనక్కి వచ్చేయండి, ఐటీఐ ప్రవేశాల ప్రకటన కోసం చూడండి.