అమ్మ రోజూ నడుస్తున్నా తూలుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. రోజూ అరగంట నడుస్తుంది. అయినా ఈ మధ్య పక్కకు తిరిగేటప్పుడు తూలుతోంది. బాత్రూమ్‌లో ఓసారి పడబోయింది. ఆ భయంతో పనులన్నీ మాన్పించాం. వ్యాయామాలు చేయించవచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా చేయించండి. ముందు ఆవిడను మళ్లీ పనులు చేసుకోనివ్వండి. పిల్లలు ప్రేమతోనే కూర్చోబెడతారు గానీ, కూర్చున్నకొద్దీ తొడ, పిక్క కండరాలు తగ్గిపోయి తూలడం ఇంకా ఎక్కువవుతుంది.

నడక గుండెకు, షుగర్‌కు మంచిదే. పడిపోకుండా ఉండటానికి అదొక్కటే చాలదు. వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, బ్యాలెన్స్ వ్యాయామాలు చేసిన పెద్దవాళ్లు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. నడక ఒక్కదానితో అంత లాభం తేలలేదు.

ఆవిడను వంటగది గట్టు దగ్గర నిలబెట్టి, వెనక కుర్చీ వేయండి. మీరు పక్కనే ఉండండి. గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం పదిసార్లు. తర్వాత ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా ముందూ వెనకా పెట్టి పది సెకన్లు నిలబడాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలా ముఖ్యం. కష్టమైతే దిండు వేసి ఎత్తు పెంచండి. అలవాటయ్యాక గట్టును రెండు చేతులకు బదులు ఒక చేత్తో, ఆపైన వేళ్లతో మాత్రమే పట్టుకోవాలి. కాస్త తడబడితేనే ఫలితం. అసలు కదలకుండా నిలబడుతున్నారంటే అది ఆవిడకు తేలికైపోయినట్టే. కళ్లు మూసుకుని మాత్రం ఇంట్లో చేయించకండి.

వారానికి కనీసం మూడు రోజులు చేయాలి. తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఓసారి డాక్టర్‌కు చూపించండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు బీపీ చూడమనండి. పై అంకె 20 పడిపోతుంటే మాత్రలు సరిచేయాల్సి రావచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లుంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే విటమిన్ బి12 తగ్గిందేమో పరీక్ష కూడా అవసరం. నిద్రమాత్రలు వేసుకుంటుంటే దాచకుండా చెప్పండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వ్యాయామం చేయకూడదు.

ఉన్నట్టుండి తూలుతూ, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.